దమయంతి సిస్టర్ నమ్మని రిపోర్టు

మా ఆసుపత్రి క్యాంటీన్‌లో మధ్యాహ్నం పూట వేయించిన నూడుల్స్ మీద వెనిగర్ చల్లుతారు. ఆ పుల్లటి ఘాటు ముక్కుకి సోకగానే నా చేతిలో ముద్ద కాసేపు ఆగిపోతుంది. నేనున్నది విశాఖపట్నంలోనే గానీ ఆ క్షణానికి పలాసలో ఉంటాను. డయాలసిస్ పరికరాలను శుభ్రం చేసే మందుకి అచ్చం అదే వాసన. అక్కడి వార్డు తలుపు తెరవకముందే అది ఎదురొచ్చేది. దాని వెనకాలే దమయంతి సిస్టర్ గొంతు వచ్చేది. "సెప్పులు బైట, ఏడుపులు బైట. లోపలికి మనుసులు మాత్రమే రండి."

నేనిప్పుడు న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నాలజిస్టుని. రోగి ఒంట్లోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, అది ఏయే చోట్ల చేరిందో కెమెరాతో బొమ్మ తీయడం నా పని. ఈ పని నేర్పిన గురువులు నాకు చాలామంది ఉన్నారు. నన్ను ఇందులోకి మెడపట్టి తోసింది మాత్రం, ఇలాంటి యంత్రాన్ని ఒక్కసారి తప్ప దగ్గరగా చూడని ఒక నర్సు. పలాస, కాశీబుగ్గల్లో ఆమెని ఎరిగినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పొట్టి మనిషి. గడియారాన్ని ముంజేతి లోపలివైపు కట్టుకునేది. ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో పుట్టినందువల్ల కోపం ముదిరితే మాట ఒడియాలోకి తిరిగిపోయేది. అర్థం కాని రోగులు కూడా ఆ మాట విని చెప్పిన పని చేసేసేవారు. వార్డులో పన్నెండు మంచాలు. ఏ మంచం మీద ఎవరున్నారు, ఏ ఊరివారు, ఈ పూట ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి అన్నది కాగితం చూడకుండా చెప్పేది. మంచి నర్సులు అంతవరకూ చేస్తారు. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నవాళ్ళని కూడా చూసేది. తోడొచ్చిన భార్య తిన్నదా లేదా, ఆ కొడుకు కాళ్ళు ఎందుకు వాచాయి, ఈ అత్తగారు వారం నుంచి ఎందుకు మాట్లాడటం లేదు, అన్నీ ఆమెకి కావాలి. అప్పట్లో నాకది ఊరికే ఆరాలు తీసే బుద్ధిగా అనిపించేది.

మాది ఉద్దానం తీరాన ఒక చేపల పల్లె. మా నాన్న సోమయ్య సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. అమ్మ గౌరమ్మకి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసినప్పుడు మా పల్లెలో ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఎందుకని అడగలేదు. మా వైపు అది జ్వరం వచ్చిందన్నంత మామూలు మాట. వారానికి మూడు రోజులు నాన్న వేట మానుకుని అమ్మని ఆటోలో రోడ్డు దాకా, అక్కణ్ణుంచి బస్సులో పలాస దాకా తీసుకొచ్చేవాడు. నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే క్యారేజీ పట్టుకుని వార్డుకి పరిగెత్తేదాన్ని.

ఒకరోజు నేను వెళ్ళేసరికి నాన్న వరండాలో బల్ల మీద కూర్చుని అన్నం తింటున్నాడు. మందుల ట్రే పట్టుకుని అటుగా వెళ్తున్న సిస్టర్ నాలుగడుగులు ముందుకేసి, వెనక్కి వచ్చింది.

"సోమయ్యా, ఇటు ఎలుగులోకి తిరుగు. ఎండలో తిరిగొచ్చినావా?"

"నేదు సిస్టరు. పొద్దుట్నించీ ఇక్కడే కూకున్నాను."

"మందేసినావా?"

"మా గౌరి మీద ఒట్టు. నాను మానీసి పదేళ్ళు దాటిపోనాది."

సిస్టర్ ట్రే పక్కన పెట్టి నాన్న మెడనీ చెవుల్నీ చూస్తూ నిలబడింది. అప్పుడు నేనూ చూశాను. నాన్నది సముద్రపు ఎండకి కమిలిన నల్లటి ఒళ్ళు. ఆ నలుపు కింద నుంచి కాలిన ఇటుక రంగు పైకి పొంగి ఉంది, మెడ నుంచి చెంపల దాకా. ఆమె గడియారం చూసుకుంది. ఆ రంగు దిగిపోయేదాకా కదల్లేదు. దిగాక నెమ్మదిగా అడిగింది, "కడుపు పాడయి ఎన్నాళ్ళయినాది?" నాన్న నా వైపు చూసి, తల దించుకుని, "సముద్రం మీద తిండి కదా సిస్టరూ, అలాగే ఉంటాది" అన్నాడు. "సముద్రం సంగతి నానడగనేదు. రోజుకి ఎన్నిసార్లు?" నాన్న చేతివేళ్ళు చూపించాడు. ఒక చెయ్యి చాల్లేదు. నేను రోజూ చూసే మనిషి. రోజూ చూస్తూ కూడా ఆ రంగు నాకు కనబడలేదు. నల్లటి మనిషి ఎర్రబడతాడని నాకు తోచనే లేదు.

అప్పటికే నాన్న మనసులో ఒక నిర్ణయం జరిగిపోయి ఉంది. తన కిడ్నీ ఒకటి అమ్మకి ఇవ్వాలని. మాతో చెప్పకముందే సిస్టర్‌ని అడిగాడట, "ఒకటి ఇచ్చీసినా వేటకి ఎల్లొచ్చా?" అని. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో పరీక్షలు మొదలయ్యాయి. రక్తం కలిసింది. కిడ్నీలు రెండూ భేషుగ్గా ఉన్నాయన్నారు. చాలా నెలల తరువాత అమ్మ ముఖంలో నవ్వు చూసింది ఆ వారంలోనే. తరువాత పొట్ట స్కానింగు తీసినవాళ్ళు కాలేయంలో మచ్చలున్నాయన్నారు. అవేమిటో తేల్చడానికి పెట్ స్కాన్ చేశారు. రిపోర్టు వచ్చిన రోజు అక్కడి కుర్ర డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు, గాభరాకేమో, నాన్న మెడా చెవులూ మళ్ళీ రంగెక్కాయి. డాక్టరు కాగితం మీంచి తలెత్తి, "పొద్దున్నే తాగొచ్చారా?" అన్నాడు.

నాన్న భుజం మీది తువ్వాలుతో మెడ కప్పుకున్నాడు. స్కాన్‌లో అనుమానించవలసింది ఏమీ లేదనీ, మచ్చలు ప్రమాదకరమైనవిగా కనిపించడం లేదనీ, తాగుడు వల్ల కాలేయం చెడి ఉండొచ్చనీ, దాతగా మాత్రం పనికిరాడనీ ఆ డాక్టరు చెప్పాడు. తిరుగు బస్సులో శ్రీకాకుళం దాటేదాకా నాన్న నోరు విప్పలేదు. దాటాక అమ్మ వైపు తిరిగి, "నాను తాగనేదు గౌరీ" అన్నాడు. అమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అతని చెయ్యి పట్టుకుని, "నాకు తెల్దేటి?" అంది. కిడ్నీ ఊసు మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు సిస్టర్ ఆ ఫైలు తీసుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది. పేజీ పేజీ తిప్పింది. చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి నన్ను పిలిచింది.

"ఇందులో ఏటీ నేదని రాసినారు. మరి ఆ రంగు ఎక్కడ్నించి వత్తంది?"

"పెట్ స్కాన్ సిస్టర్. దాన్ని మించిన పరీక్ష లేదంట" అన్నాను. సైన్సు టీచర్ని కదా, యంత్రం మాట అంటే నాకు గురి.

"అది పెద్ద టెస్టో సిన్న టెస్టో నాకు తెల్దు వనజా. నిన్న ఎలగున్నాడో ఇయ్యాలా అలాగే ఉన్నాడు. ఏటీ నేదని కాయితం మీద రాసీగానే రోగం ఎలిపోద్దా?"

నాకు కోపం వచ్చింది. అప్పటికే ఇంట్లో ఒక జబ్బు ఉంది, రెండోది ఈమె ఎందుకు వెతుకుతోంది అనిపించింది. ఆ మాట పైకే అనేశాను. ఆమె నొచ్చుకోలేదు. "ఎతక్కపోతే రాకుండా ఉంటాదేటి?" అని, ప్రిస్క్రిప్షన్ కాగితం ఒకటి తిరగేసి గీతలు గీసింది. రంగు ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఏం తిన్నాడు, ఎంతసేపు ఉంది, కడుపు ఎన్నిసార్లు కదిలింది. మూడు వారాలు రాయమంది. ఫోన్‌తో ఫొటోలు కూడా తీయమంది. "రంగు రానప్పుడొకటి, ఎక్కినప్పుడొకటి. అదే కిటికీ, అదే టైము. ఎలుగు మారితే ఎవులూ నమ్మరు." నేను ఇంట్లో ఉన్నప్పుడు నేను, బడికి వెళ్ళినప్పుడు అమ్మ ఆ పని చేశాం. అమ్మకి చదువు రాదు. రంగు వచ్చినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో గీత గీసేది, నేను వచ్చి వాటిని కాగితం మీదకి ఎక్కించేదాన్ని.

వారానికొకసారి డయాలసిస్ వార్డు చూడటానికి వచ్చే డాక్టరుగారి ముందు సిస్టర్ ఆ కాగితాలు పెట్టింది. ఆయన రెండు ఫొటోలని పక్కపక్కన పెట్టుకుని చూశాడు. లేవబోతున్నవాడు మళ్ళీ కూర్చున్నాడు. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి పంపమని రాశాడు. ఒంట్లో ఒకరకం గడ్డ హార్మోన్లు వదులుతుంటే ముఖం అలా రంగెక్కుతుందట, కడుపు పాడవుతుందట, వాటి జాడ మూత్రంలో తెలుస్తుందట. దానికి మూడు రోజుల ముందు నుంచి అరటిపండు, అనాస, టమాటా, వంకాయ తినకూడదు. నాన్న పథ్యం బాగానే చేశాడు. డబ్బా పట్టుకుని సిస్టర్ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం అందులో సగం కూడా లేదు.

"ఇదేటి? మిగతాది ఏది?"

నాన్న బుర్ర గోక్కున్నాడు. "తెల్లారి బోటు మీదకి ఎల్లినాను సిస్టరూ. అలవాటులో సముద్రంలో పోసీసినాను."

వార్డు వార్డంతా నవ్వింది. మంచాల మీదవాళ్ళు, సూదులు గుచ్చి ఉన్నవాళ్ళు, అమ్మతో సహా. సిస్టర్ నవ్వలేదు. ఒడియాలో ఏదో అంది. మళ్ళీ మూడు రోజుల పథ్యం పెట్టించి, కొత్త డబ్బా తెప్పించి, ఈసారి నాన్నని పగలూ రాత్రీ వార్డు వరండా దాటనివ్వలేదు. డ్యూటీ దిగి ఇంటికెళ్తూ కాపలా మనిషికి కూడా అప్పజెప్పింది. ఆ డబ్బా ఐసు పెట్టెలో పెట్టి విశాఖపట్నం పంపాం. ఫలితం వచ్చింది. ఉండవలసిన దానికి ఎన్నోరెట్లు ఎక్కువ. తరువాత కాలేయంలో మచ్చ నుంచి సూదితో ముక్క తీసి చూశారు. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, ఆ హార్మోన్లు వదిలే గడ్డే. ఆ మాట నేను మొదటిసారి విన్నది సిస్టర్ నోటే. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివి, "పేరుందంటే మందుంటాది" అంది.

అయితే కాలేయం దాని పుట్టిన చోటు కాదనీ, ఎక్కడో పుట్టి అక్కడికి పాకిందనీ, మొదటి చోటు దొరికితే కోసి తీయొచ్చనీ అన్నారు. దాన్ని వెతకడానికి విశాఖపట్నంలో మరో కేంద్రంలో రెండో స్కాన్ చేశారు. ఈసారి టెక్నీషియం అనే రేడియోధార్మిక మందుతో, గామా కెమెరా అనే వేరే యంత్రం కింద. కాలేయంలో మచ్చలు స్పష్టంగా వెలిగాయి. తాగుడు కాదని ఆ బొమ్మ చూసిన ఎవరికైనా తెలుస్తుంది. కానీ పొత్తికడుపులో మసకగా ఏదో ఉంది, అది గడ్డో పేగులో ఆగిన మందో అక్కడి డాక్టరుగారు తేల్చలేకపోయారు. హైదరాబాదు వెళ్ళి గాలియం అనే మరో మందుతో చేసే స్కాన్ చేయించుకోమన్నారు. ఆ రోజుల్లో అది మాకు దగ్గర్లో లేదు.

నాన్న ససేమిరా అన్నాడు. రానూ పోనూ నాలుగు రోజులు, తోడుగా నేను వెళ్ళాలి. మధ్యలో అమ్మకి రెండు డయాలసిస్‌లు. "దీన్ని ఎవులు తెత్తారు? ఎవులు ఆటో ఎక్కిత్తారు? నాకేటీ అవదు సిస్టరూ, ఒగ్గీయండి. ఇద్దామనుకున్న కిడ్నీయే ఇవ్వలేకపోనాను, ఇంక నా ఒంటితో పనేటి?" అన్నాడు. అమ్మ మంచం మీద గొట్టాలకి కట్టేసినట్టు ఉంది, లేవడానికి లేదు. పక్కకి తిరిగి కళ్ళు మూసుకుంది.

సిస్టర్ అమ్మ మంచం అంచున కూర్చుంది. వార్డులో మంచం మీద కూర్చోకూడదన్నది ఆమె పెట్టిన రూలే. "కిడ్నీ ఇయ్యనేకపోతే ఇయ్యనేకపోనావు. దాన్ని వారానికి మూడుసార్లు ఇక్కడికి తెచ్చినోడివి నువ్వు. రేపు నువ్వు పడిపోతే ఇది రెండు వారాలు బతకదు. అది ఆలోసించినావా?" అని, అమ్మ భుజం తట్టి, "గౌరమ్మా, నాలుగు రోజులు మా ఇంట్లో ఉంటావా? సేపలు వండటం నేర్పుదువు గాని" అంది. కాశీబుగ్గలో ఆమెది రెండు గదుల అద్దె ఇల్లు. రోగుల్ని ఇంట్లో పెట్టుకోవడం కుదరదని ఆసుపత్రి పైఅధికారులు అన్నారని తరువాత తెలిసింది. "రోగి కాదు, మా సుట్టం" అని చెప్పిందట.

హైదరాబాదులో ఆ స్కాన్ చూసిన డాక్టరమ్మ పేరు నాకు గుర్తులేదు. ఆమె చేసిన పని మాత్రం మరిచిపోలేను. మేము తీసుకెళ్ళిన రెండు సీడీలూ కంప్యూటర్లో పెట్టి, కొత్తదాన్ని పక్కన తెరిచి, మూడు బొమ్మలూ ఒకే వరసలో చూపించింది. మూడూ మా నాన్నవే. ఒకదానికొకటి పోలిక లేదు.

"మొదటిది పంచదార స్కాన్" అంది. "రేడియోధార్మిక గ్లూకోజు ఎక్కిస్తాం. జోరుగా పెరిగే గడ్డలు దాన్ని ఆబగా లాక్కుని వెలుగుతాయి. మీ నాన్నగారిది నిదానంగా పెరిగేది. దానికి అంత పంచదార అక్కర్లేదు. అందుకే మిగతా కాలేయంలో కలిసిపోయింది. రెండోది అలా కాదు. ఈ రకం గడ్డల పైన ఒక హార్మోను అతుక్కునే చోట్లుంటాయి. ఆ హార్మోనుని పోలిన మందుకి టెక్నీషియం తగిలించి పంపారు. సరిగ్గా వెళ్ళి పట్టుకుంది. కానీ ఆ కెమెరాకి చిన్నవి విడివిడిగా కనబడవు. నేను చేసిందీ ఆ పద్ధతే. మందుకి గాలియం తగిలించి, పెట్ కెమెరాలో తీశాను." కలం మొనతో పొత్తికడుపు కుడివైపు ఒక చుక్కని చూపించింది. శనగగింజంత. "చిన్నపేగు చివర. ఇక్కడ పుట్టింది. ఎముకల్లో ఎక్కడా లేదు. ఆపరేషన్‌కి పంపొచ్చు."

నాన్న నా వైపు చూశాడు. నేను మా మాటలో చెప్పాను. మొదటిది పంచదార తినేదాన్ని వెతికిందని, తరువాతి రెండూ ఈ గడ్డకి అతుక్కునే మందుతో వెతికాయని, ఆఖరిది మరీ చిన్నదాన్ని కూడా చూపించిందని. నాన్న ముందుకి వంగి మూడు బొమ్మలనీ వరసగా వేలితో చూపించాడు.

"అంటే ముందు ఎర మార్సినారు, తరవాత వల కన్ను సిన్నది సేసినారు. అంతే కదేటి?"

డాక్టరమ్మ నవ్వింది. "అంతే సోమయ్యగారూ." తరువాత నన్ను అడిగింది, "మీరేం చేస్తుంటారు?" స్కూల్లో చెప్తానన్నాను. "బాగా చెప్తారు" అంది. ఆ మాట అప్పటికి చెవిన పడిందే గానీ మనసులోకి వెళ్ళలేదు.

ఆపరేషన్ అయింది. పేగులో ఆ ముక్క తీసేశారు. కాలేయంలో ఉన్నవాటిని అదుపులో ఉంచడానికి నెలకొక ఇంజెక్షన్. దాన్ని పలాసలో సిస్టరే ఇచ్చేది. మూడో నెలకి నాన్న ముఖం మీద ఇటుక రంగు రావడం మానేసింది. మళ్ళీ పడవెక్కాడు. అమ్మని బస్సెక్కించాడు. అమ్మ ఆ తరువాత ఇంకో నాలుగేళ్ళు బతికింది. మేము కోరుకున్నన్ని ఏళ్ళు కాదు. ఆ నాలుగేళ్ళూ నాన్న ఒక్క డయాలసిస్ తప్పించలేదు.

ఆ నాలుగేళ్ళలోనే ఒకరోజు సిస్టర్ న్యూక్లియర్ మెడిసిన్ కోర్సుకి అప్లికేషన్ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాళ్ళు చేరొచ్చని ఎవర్నో అడిగి తెలుసుకుందట. నాకు ముప్ఫై దగ్గరపడుతున్నాయి, ఉద్యోగం ఉంది, అమ్మ ఉంది అన్నాను. "అయన్నీ ఉంటాయి. అక్కడ మిషన్లున్నాయి, డాట్రులున్నారు. మనోలకి మన మాటలో సెప్పీవోలు నేరు. మీ నాన్నకి నువ్వు సెప్పినావు. మిగతావోల నాన్నలకి ఎవులు సెప్తారు?" అంది. ఆ రాత్రి నేను నిద్ర మానుకుని ఆలోచిస్తూ కూర్చోలేదు. మర్నాడు స్కూలుకి వెళ్ళేముందు ఫారం నింపేశాను.

ఇక్కడితో ఆపితే సిస్టర్ నాకిచ్చింది సగమే రాసినట్టు. చదువు పూర్తయి, విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చాక నాకు గాలియం అంటే భక్తి పట్టుకుంది. గంటకి కాస్త పైన గడిచేసరికి సగమైపోయే ఆ మందుని సిద్ధం చేయడం, రోగిని వేళకి బల్ల మీదకి చేర్చడం, చీకటి తెర మీద చిన్న చిన్న చుక్కలు లేచి రావడం, ఇవన్నీ నా చేతుల మీదుగా జరుగుతుంటే నాకు గర్వంగా ఉండేది. నాన్నకి ఏడాదికోసారి మా దగ్గరే స్కాన్ చేసేవాళ్ళం. ఎప్పుడూ మార్పు లేదు.

ఒక ఏడాది అమ్మ సంవత్సరీకానికి సిస్టర్ మా పల్లెకి వచ్చింది. అప్పటికి రిటైరయింది. మోకాళ్ళు నొప్పులు. నాన్న ఇసకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆమె అతని ముందు నిలబడి ఎప్పట్లాగే చూసింది. ఇంట్లోకి వచ్చి నన్ను పక్కకి పిలిచింది.

"మీ నాన్న సగమైపోనాడు. ఏటి సూత్తన్నావు నువ్వు?"

"రెండు నెలల కిందటే గాలియం చేశాం సిస్టర్. చాలా బాగుంది. వయసు కదా."

"అన్నం తింతన్నాడా?"

"తగ్గింది."

"పక్కలో నొప్పన్నాడు. నీతో సెప్పినాడా?"

చెప్పలేదు. నేను అడగలేదు. స్కాన్ బాగుంది కదా అని అడగలేదు. సిస్టర్ నా ముఖంలోకి చూసింది. "అప్పుడు పంచదార స్కాను బాగున్నాదని ఆ కుర్రడాట్రు మీ నాన్నని తాగుబోతన్నాడు. ఇప్పుడు నీ స్కాను బాగున్నాదని నువ్వు ముసిలోడంతన్నావు. మీ ఇద్దరికీ తేడా ఏటే?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే తట్టుకునేదాన్ని.

ఆమె వెళ్ళాక గానీ నా పుస్తకాలు నాకు గుర్తు రాలేదు. ఈ గడ్డల్లో కొన్ని కాలం గడిచేకొద్దీ గుణం మార్చుకుంటాయి. నెమ్మదిగా ఉన్నది జోరందుకుంటుంది. అప్పుడు ఆ హార్మోను అతుక్కునే చోట్లు పోతాయి, పంచదార ఆకలి పెరుగుతుంది. ఒక పద్ధతికి కనబడనిది రెండో పద్ధతికి కనబడుతుంది. పరీక్షలో ఈ జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. మా డాక్టరుగారికి విషయం చెప్పి ఆ వారమే నాన్నకి పంచదార స్కాన్ చేయించాను. కాలేయంలో ఒక మచ్చ నిప్పులా వెలిగింది. గాలియం బొమ్మలో కాలేయమంతా మసకగా వెలిగి, సరిగ్గా అదే చోట చిన్న నల్లటి ఖాళీ ఉంది. రెండు నెలల కిందట ఆ బొమ్మ తీసింది నేను. ఆ ఖాళీ మీద నుంచి నా చూపు జారిపోయింది.

బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సిస్టర్‌కి ఫోన్ చేసి ఏడ్చేశాను. "దొరికిందా?" అంది. దొరికిందన్నాను. "అయితే ఏడుపెందుకు? దొరికింది కదా, పని సూడు" అని పెట్టేసింది. ఆ మచ్చలోకి సూది దింపి, వేడి పుట్టించి కాల్చేశారు. నాన్న కొన్ని నెలలు మాత్రలు మింగాడు. ఒళ్ళు మళ్ళీ పట్టింది. నాన్న ఇప్పుడు వేటకి వెళ్ళడు గానీ వలలు అల్లుతాడు, పక్కింటివాళ్ళు అల్లిన వలలకి వంకలు పెడతాడు. ఏడాదికి రెండు రకాల స్కాన్‌లూ చేయించుకుంటాడు. "ఇయ్యాల ఏ ఎర?" అని అడుగుతాడు.

సిస్టర్ ఒక్కసారే మా విభాగానికి వచ్చింది, నాన్నకి తోడుగా. సీసపు తలుపుల్నీ, గోడ మీద హెచ్చరిక బోర్డుల్నీ అంతా కలయజూసి, "ఇంత పెద్ద మిషను. మనిసిని సూసీ టైము ఉంటాదా మీకు?" అని అడిగింది. ఉంటుంది సిస్టర్ అన్నాను. ఆమె నమ్మినట్టు కనబడలేదు. పోయిన వానాకాలంలో, ఒక పగటి నిద్రలో, గుండె ఆగి వెళ్ళిపోయింది. పలాస వెళ్ళాను. ఆమె ఇంటి ముందు నిలబడ్డవాళ్ళలో సగంమంది చేతుల మీద డయాలసిస్ సూదుల మచ్చలున్నాయి. మిగతా సగం వాళ్ళకి తోడొచ్చినవాళ్ళు.

ఆమె అడిగిన ప్రశ్నకి నేను ఇంకా జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను. కిందటి వారం సోంపేట వైపు నుంచి ఒకామె భర్తని తీసుకొచ్చింది. డాక్టరుగారు రిపోర్టు చదివి, ఈ స్కాన్‌లో ఏమీ కనబడలేదని చెప్పి పంపించారు. ఆమె కవర్లు సంచిలో పెట్టుకుని వెళ్ళబోతూ వరండాలో నన్ను ఆపింది.

"అమ్మా, అయితే మాయనికి ఏటీ నేదనేనా?"

"ఈ స్కానులో కనబడనేదు అత్తా. మావకి తేలిగ్గా ఉన్నాదా ఇప్పుడు?"

ఆమె వెనక్కి తిరిగి బల్ల మీద కూర్చున్న భర్తని చూసింది. "ఎక్కడమ్మా? తిన్నది ఒంట పట్టదు. నాలుగడుగులేత్తే ఆయాసం. ఊరోల్లేమో గాలి సోకిందంటారు."

"అయితే ఏటీ నేదని కాదు. కూకోండి ఇద్దరూ."

ఆ కవర్లు నా చేతిలోకి తీసుకున్నాను. ఆయనకి ఏమవుతోందో, ఎప్పటినుంచో, ఏం తింటే వస్తుందో ఒక కాగితం మీద రాసుకున్నాను. డాక్టరుగారి గదిలో తరువాతి రోగి బయటికి రాగానే, తలుపు తట్టి మళ్ళీ లోపలికి వెళ్ళాను.